చిప్పు లేకున్నా పాస్

ఆఫీసులో నాకు కోపం ఎక్కువని పేరు. అబద్ధమేం కాదు. హైటెక్ సిటీ అద్దాల భవనాల్లో సీ లాంగ్వేజి రాసుకుంటూ జుట్టు నెరిసిపోయిన దాన్ని. నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళు లీడ్‌లయ్యారు, మేనేజర్లయ్యారు, చివరికి నాకే పని చెప్పే స్థాయికి వచ్చారు. కోపం రాకపోతే ఆశ్చర్యపడాలి. అయితే ఇప్పుడు రాస్తున్నది నా గోడు కాదు. మా టీంలో బోర్డులు తయారుచేసే ఒక ఇంజనీరు ఉద్యోగం పోయిన సంగతి. ఆ ఉద్యోగం తీసేయడానికి నేను రాసిన ప్రోగ్రామునే సాక్ష్యంగా చూపించారు. ఆ మంట నాకింకా ఆరలేదు.

అతన్ని ఇక్కడ తమ్ముడనే రాస్తాను, నన్ను అక్కా అని పిలిచేవాడు కాబట్టి. సిద్దిపేట వైపు మనిషి. బోరబండలో కిరాయి ఇల్లు, భార్య, బడికి వెళ్ళే పాప. రోజూ రైల్లో వచ్చేవాడు. నేను తెనాలి దాన్ని, మియాపూర్‌లో ఉంటాను. కొత్తలో నేను అలవాటు కొద్దీ అండి అంటే పగలబడి నవ్వేవాడు. "నన్ను గూడ అండీ అంటవేందక్కా, నేనేమన్న పెద్ద సారునా?" అనేవాడు. మధ్యాహ్నం ఇద్దరం డబ్బాలు పక్కపక్కన పెట్టుకుని తినేవాళ్ళం. నా గోంగూర అతను లాక్కునేవాడు, వాళ్ళావిడ చేసిన సర్వపిండి నేను లాక్కునేదాన్ని. పని విషయంలో మాత్రం అతను చాలా నెమ్మది. బోర్డు మీద ఒక గీత గీయడానికి పూటంతా ఆలోచించేవాడు.

మేం చేసే బోర్డులు పాల కేంద్రాల్లో వెన్నశాతం చూసే మిషన్లలోకి వెళ్తాయి. ఊళ్ళలో పొద్దున్నే రైతులు క్యాన్లు పట్టుకుని వరసలో నిలబడితే, ఒక్కొక్కరి పాలు కాసిని తీసి ఆ మిషన్‌లో పోస్తారు. అంకె వస్తుంది. ఆ అంకె మీదే పాల ధర.

బోర్డుకు కరెంటు తగలగానే మొట్టమొదట నడిచేది నా ప్రోగ్రాం. పేరు మెమరీ టెస్టు. పని చాలా చిన్నది. మెమరీ చిప్పులో ఒక్కొక్క గడిలో ఒక అంకె రాస్తుంది, వెంటనే ఆ గడిని చదివి చూస్తుంది. రాసిన అంకే తిరిగొస్తే గడి బాగున్నట్టు, ఇంకేదో వస్తే పాడైనట్టు. అన్నీ బాగుంటే తెర మీద పచ్చగా పాస్ అని పడుతుంది. ఒక్క గడి చెడినా ఎర్రగా ఫెయిల్ అని పడుతుంది.

ఇందులో ఒక చిక్కుంది. మేం సీలో రాసినదాన్ని చిప్పుకు అర్థమయ్యే భాషలోకి కంపైలర్ మారుస్తుంది. ఫ్యాక్టరీకి పంపే బిల్డులో, అంటే అలా మార్చి సిద్ధం చేసిన ప్రోగ్రాంలో, అది మార్చి ఊరుకోదు, వేగం కోసం అనవసరం అనిపించిన పనులన్నీ తీసేస్తుంది. మెమరీ టెస్టు దాని కంటికి శుద్ధ దండగ. ఇప్పుడే కదా రాశావు, రాసిందే ఉంటుంది, మళ్ళీ చదవడం దేనికి అనుకుంటుంది. గ్యాస్ కట్టేశావా అని అమ్మ అడిగితే మంచం మీంచి లేవకుండానే "ఆ, కట్టేశా" అనే పిల్లల తెలివి దానిది. చిప్పు పాడై ఉండొచ్చన్న ఊహే దానికి రాదు. అందుకే అలాంటి చోట వొలటైల్ అని ఒక మాట పెడతాం. ఈ గడిలో ఉన్నది నీకు తెలియకుండా మారిపోవచ్చు, నీ అంతట నువ్వు ఏదీ అనుకోవద్దు, ప్రతిసారీ లేచి వెళ్ళి చూడు అని కంపైలర్‌కు చెప్పడం అన్నమాట. నా టెస్టులో ఆ మాట పెట్టాను. అది లేకుండా మెమరీ టెస్టు రాయకూడదని నాకు పని నేర్పినాయన మొదట్లోనే చెప్పాడు.

అమ్మ మోకాలి ఆపరేషన్‌కు నేను సెలవు పెట్టి తెనాలి వెళ్ళినప్పుడు ఆఫీసులో జీరో వార్నింగ్స్ పండగ మొదలైంది. కంపైలర్ అప్పుడప్పుడూ సణుగుతుంది, ఇక్కడ ఏదో తేడాగా ఉంది, చూసుకోండి అని. వాటినే వార్నింగులంటాం. వాటిని సున్నాకు తెస్తే పైవాళ్ళ దగ్గర గొప్పగా చూపించుకోవచ్చని మా లీడ్‌కు తోచింది. లీడ్ భీమవరం నుంచి వచ్చినవాడు, నాకంటే చిన్నవాడు, తెల్లాపూర్‌లో గేటెడ్ కమ్యూనిటీలో ఉంటాడు. మాట వెన్నలా ఉంటుంది. ఎదుటివాడి గొంతు కోస్తూ కూడా అండి అనడం మరచిపోడు.

నా టెస్టు, గడుల్ని నింపడానికి ఒక పాత ఫంక్షన్‌ను, అంటే ఎప్పుడో రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కను, వాడుకుంటుంది. నా వైపు వొలటైల్ ఉంది, దాని వైపు లేదు. ఆ తేడా చూసి కంపైలర్ సణిగింది. చేయాల్సిందల్లా ఆ పాత ఫంక్షన్‌కు కూడా ఆ మాట తగిలించడం. లీడ్ నా వైపున్నదే పీకేశాడు. సణుగుడు ఆగిపోయింది. గోడ మీద తెరలో వార్నింగులు సున్నా అని వచ్చింది. బోర్డు ఇదివరకటికంటే చురుగ్గా లేస్తోందని కూడా ఎవరో గమనించి మురిసిపోయారట. లేవదూ మరి, చేయాల్సిన పని మానేసింది కదా! కేకు కోశారు. లీడ్‌ను మెచ్చుకుంటూ పైనుంచి మెయిల్ వచ్చింది. నేను తిరిగొచ్చేసరికి ఫ్రిజ్‌లో నాకోసం ఒక ముక్క దాచి ఉంచారు. దేనికి కోశారో వివరంగా అడగకుండానే తిన్నాను.

తర్వాత కొన్నాళ్ళకు పాల కేంద్రాల నుంచి మిషన్లు వెనక్కి రావడం మొదలైంది. అంకె చూపించబోయి తెర బిగుసుకుపోతోంది. ఒక్కోసారి గేదె పాలకు నీళ్ళ అంకె వస్తోంది. తమ్ముడు ఆ బోర్డుల్ని ముందేసుకుని కూర్చుని, తప్పు మెమరీ దగ్గరుందన్నాడు. కొనుగోలు విభాగంవాళ్ళు మెమరీ చిప్పును వేరే రకానికి మార్చారు. కొత్త చిప్పుకు తగ్గట్టు దాని లైన్ల మీద కరెంటును అదుపుచేసే రెసిస్టర్లు మార్చాలని అతను అంతకు ముందే అడిగాడు, ఎవరూ పట్టించుకోలేదు. ఇప్పుడు మళ్ళీ అదే చెప్పాడు. లీడ్ తెర మీద ఫ్యాక్టరీ ఫలితాలు చూపించాడు. ప్రతి బోర్డు పక్కనా మెమరీ టెస్టు పాస్.

"మెమరీ బావుందని మేడం టెస్టే చెప్తోంది కదండీ. మరి మీ డిజైన్‌లో ఇంకేదో లోపం ఉందేమో చూసుకోండి," అన్నాడు అందరి ముందూ.

ఆ మాటతో అతని మెడకు ఉచ్చు పడింది. ఆ నెలలోనే అతన్ని పిప్‌లో పెట్టారు. ఈ ఐటీ కారిడార్‌లో పిప్ అంటే తెలియనివాళ్ళు లేరు. పని మెరుగుపరుచుకోవడానికి గడువు ఇస్తున్నాం అని కాగితం మీద ఉంటుంది. తలుపు ఎటుందో చూపించడమే అసలు సంగతి. మధ్యాహ్నం తమ్ముడు డబ్బా విప్పి అన్నం కెలుకుతూ కూర్చునేవాడు. ఇంట్లో ఇంకా చెప్పలేదన్నాడు.

ఒకరోజు వెనక్కి వచ్చిన బోర్డొకటి పట్టుకుని నా సీటు దగ్గరికి వచ్చాడు.

"అక్కా, కోపం చెయ్యనంటే ఒక మాట అడుగుత. నీ టెస్టు నిజంగ చూస్తున్నదా?"

కోపం వచ్చింది, ఎందుకు రాదు? కానీ అతని ముఖం చూసి నోరు మూసుకుని బోర్డు అందుకున్నాను. నా కంప్యూటర్‌లో ఉండేది మేం పని చేసుకునేటప్పుడు వాడే బిల్డు, అందులో కంపైలర్ కుదింపులు ఉండవు. దాంతో నడిపితే ఫెయిల్ అని ఎర్రగా పడింది. అదే బోర్డును ఫ్యాక్టరీ బిల్డుతో నడిపితే పాస్. మళ్ళీ నాది వేశాను, ఫెయిల్. మళ్ళీ ఫ్యాక్టరీది, పాస్.

"ఒక్క బోర్డుకు రెండు జవాబులు ఎట్లొస్తయక్కా?" అన్నాడు.

ఎలా వస్తాయో ఆ క్షణానే అనుమానం తగిలింది. ఫ్యాక్టరీ బిల్డులో కంపైలర్ నా టెస్టును ఏం చేసిందో విప్పి చూశాను. అంకెలు రాయడం ఉంది. చదవడం లేదు, పోల్చడం లేదు, ఫెయిల్ అనే దారే లేదు. రాసెయ్, పాస్ అని చెప్పి వెళ్ళిపో, అంతే. నేను అంత శ్రద్ధగా రాసిన టెస్టులో మిగిలింది ఆ ముక్క. సీ ఫైలు తెరిస్తే వొలటైల్ ఉండాల్సిన చోట లేదు. ఇన్నాళ్ళూ ఫ్యాక్టరీలో ఏ బోర్డునూ ఎవరూ చూడలేదు. చూడని టెస్టును పట్టుకుని పక్కన నిలబడ్డ మనిషిని దోషిని చేశారు.

అప్పటికప్పుడే వెళ్ళి లీడ్‌ను నా సీటు దగ్గరికి పిలుచుకొచ్చాను. అతను నా తెర వైపు ఒక చూపు చూసి, "మీ దగ్గరున్నది అఫీషియల్ బిల్డు కాదు కదా మేడం. ఫ్యాక్టరీది పాస్ అంటోంది, మనకు లెక్క అదేనండి," అన్నాడు. అది పాస్ తప్ప ఇంకేమీ అనలేదు నాయనా, ఫెయిల్ అనే మాటే అందులో లేదు అని చెప్పాను. కంపైలర్ లోపమేమో, వచ్చే స్ప్రింట్‌లో, అంటే రాబోయే పని విడతలో, చూద్దాం అన్నాడు. కంపైలర్ లోపం కాదు, అది దాని పని అది చేసింది, నువ్వు మాట పీకేశావు అన్నాను. ఈసారి గొంతు లేచింది. చుట్టుపక్కల కుర్చీలు తిరిగాయి. నేను ఆగలేదు. ఒకడి కూడు పోతోంది, స్ప్రింట్ అంటావా అని అరిచాను.

దానికి ఫలితం మర్నాడే అందింది. హెచ్చార్ అమ్మాయి పిలిచి, నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపి, నా గురించి వచ్చిన ఫీడ్‌బ్యాక్ చదివి వినిపించింది. పనితీరు బాగుంది, స్వభావం కొంచెం వొలటైల్ అట. ఇంగ్లీషులో ఆ మాటకు ఎప్పుడు మండుతుందో తెలియని మనిషి అనే అర్థం కూడా ఉంది మరి. లీడ్, ఉండాల్సిన చోటు నుంచి పీకిన మాటను తెచ్చి నాకు తగిలించాడు. ఆ పిల్ల ముందు పడీపడీ నవ్వాను. ఆమె భయపడి, కౌన్సెలింగ్ కావాలా మేడం అని అడిగింది. వద్దు తల్లీ, నాకు వచ్చేది కోపమే, జబ్బు కాదు అని లేచి వచ్చేశాను.

నేనిలా స్ప్రింట్ కోసం ఎదురుచూస్తుండగానే తమ్ముణ్ణి పిలిపించారు. రెండు దారులన్నారు. నీ అంతట నువ్వు రాజీనామా ఇస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేదంటే మేమే తీసేస్తాం, ఆ ముక్క తర్వాతి కంపెనీవాళ్ళు విచారించినప్పుడు బయటికొస్తుంది. వచ్చి మెట్ల దగ్గర నిలబడి నాకు చెప్పాడు.

"జర ఆగు తమ్ముడూ, నేను నిరూపిస్తాను," అన్నాను. ఎప్పుడో అతని మాట నా నోటికి అంటుకుంది.

"ఎన్నొద్దులు ఆగాలె అక్కా? సాయంత్రం వరకే టైమిచ్చిన్రు. తీసేసిన్రు అని పడితే ఇగ ఎవ్వలు రానిస్తరు నన్ను?" అన్నాడు.

ఆ సాయంత్రం సంతకం పెట్టేశాడు. ఇంటికెళ్ళి ఏడ్చాను, కోపంతోనే ఏడ్చాను. ఆదివారం చర్చిలో క్షమించడం గురించి పాస్టరుగారు చెబుతుంటే నా చెవికి ఒక్క మాట ఎక్కలేదు.

తమ్ముడి నోటీసు రోజులు కొన్ని మిగిలి ఉండగా నాకొక ఆలోచన వచ్చింది. చిప్పు భాష విప్పి చూపిస్తే వీళ్ళకు ఎక్కదు. పసిపిల్లకైనా అర్థమయ్యేది చూపించాలి. తమ్ముడి దగ్గరికి వెళ్ళి, ఒక బోర్డు మీంచి మెమరీ చిప్పును మొత్తంగా పీకేయమన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు, తర్వాత అర్థమై నవ్వాడు. ఆ నెలలో అతను నవ్వడం అదే చూశాను. వేడిగాలి మిషన్ ఆన్ చేసి, సీసం కరిగేదాకా ఓపిగ్గా పట్టి, చిప్పును పట్టకారుతో పైకి లేపాడు. అది ఉన్న చోట వెండి చుక్కలు మిగిలాయి.

డైరెక్టర్ వచ్చిన సమీక్షలో ఆ బోర్డును బల్ల మీద పెట్టాను. చిప్పును పక్కన ఒక మూతలో పెట్టాను. మెమరీ ఇదిగో ఈ మూతలో ఉంది, బోర్డు మీద లేదు, చూసుకోండి అని అందరికీ చూపించి, ఫ్యాక్టరీ బిల్డు నడిపాను. ప్రోగ్రాం ఉండేది వేరే చిప్పులో కాబట్టి అది నడిచింది. లేని మెమరీలోకి అంకెలు రాసింది. తెర మీద పచ్చగా పాస్ అని పడింది.

డైరెక్టర్ ఆ మూతలోని చిప్పును వేలితో తిప్పి చూశాడు. లీడ్ ముఖంలో రంగు పోయింది గానీ మాట పోలేదు. "గ్రేట్ క్యాచ్ మేడం! ఇలాంటివి బయటపడాలనే కదండీ మనం రివ్యూలు పెట్టుకునేది," అన్నాడు. ఆ మాటకు కొందరు చప్పట్లు కూడా కొట్టారు. అంత సిగ్గులేని చప్పట్లు నేనింతవరకూ వినలేదు.

"మరి అతని సంగతేంటి?" అని అడిగాను. "అతని డిజైన్‌లో లోపం ఉందనే కదా పంపేస్తున్నారు?"

డైరెక్టర్ హెచ్చార్ వైపు చూశాడు. రాజీనామా ఆయనే స్వచ్ఛందంగా ఇచ్చారండీ, సిస్టమ్‌లో అప్రూవ్ అయిపోయింది అందామె. డైరెక్టర్ తలూపి, వాచీ చూసుకుని తర్వాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. బయట కారిడార్‌లో తమ్ముడు నాకోసం నిలబడి ఉన్నాడు. అతని డిజైన్‌కు పడ్డ మచ్చ పోయిందని చెప్పాను, ఉద్యోగం మాత్రం రాలేదని కూడా చెప్పాను. సరే అక్కా అని భుజాన సంచి సర్దుకున్నాడు. ఆ వారంలోనే వెళ్ళిపోయాడు. నా పక్కన డబ్బా విప్పే మనిషి లేక నేనూ సీట్లోనే తినడం మొదలుపెట్టాను.

నేను టెస్టు సరిచేశాను. నా వైపూ, పాత ఫంక్షన్ వైపూ, రెండు చోట్లా వొలటైల్ పెట్టాను, ఎందుకు పెట్టానో పైన పెద్ద అక్షరాలతో రాశాను. సరిచేసిన టెస్టు ఫ్యాక్టరీకి వెళ్ళింది. ఇక అక్కడి నుంచి ఎర్రటి ఫెయిళ్ళు కుప్పలుగా రావడం మొదలైంది. పెట్టెల్లో సర్ది ఉంచిన బోర్డుల్లో సగానికి సగం పనికిరావని తేలింది. సరుకు పంపాల్సిన గడువు ముంచుకొస్తోంది. ఏ రెసిస్టర్ తీసి ఏది వేయాలో ఎవరికీ తెలియదు. తమ్ముడి సీట్లోకి వచ్చిన కొత్త ఇంజనీరు ఇంకా లాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ రాక తిప్పలు పడుతున్నాడు.

అప్పుడొచ్చాడు లీడ్, చేతిలో నాకోసం కాఫీ కప్పుతో.

"మేడం, మీకు ఆయనతో చనువుంది కదండీ. ఒక్కసారి ఫోన్ చేసి, ఏ రెసిస్టర్లు మార్చాలో కనుక్కుంటారా? మేం చేస్తే బాగుండదు."

ఆ కాఫీ అతని ముఖాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. పాల కేంద్రాల్లో వరసలో నిలబడేవాళ్ళు గుర్తొచ్చారు, ఆ మిషన్లు సరిగ్గా పనిచేయాలని తమ్ముడు పడ్డ పాటు గుర్తొచ్చింది. ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాను.

వెంటనే ఎత్తాడు. ఇంట్లోనే ఉన్నాడు, వెనకాల కుక్కర్ కూస్తోంది. ఇంటర్వ్యూలకు పోతున్ననక్కా, ఇంకేడ కుదరలే, ఫికర్ లేదు అన్నాడు. అతని గొంతులో ఫికర్ తెలుస్తూనే ఉంది. నేను విషయం చెప్పాను.

"వాళ్ళే అడగమన్నరా?"

"అవును."

ఫోన్లోంచి వినిపించిన సంతోషాన్ని నేను తట్టుకోలేకపోయాను.

"నేను మొదటిసంది గదే చెప్తున్న గదక్కా! రెసిస్టర్లే అని. ఆగు, కాయిదం తీస్కో, మంచిగ రాస్కో. ముందుగాల అడ్రస్ లైన్లయి..."

ఒక్కొక్క లైను, దాని మీద ఏ రెసిస్టర్ తీసి ఏది వేయాలో, ఎందుకో, తన ముందే బోర్డు ఉన్నట్టు చెప్పుకుపోయాడు. ఉద్యోగం పోయిన మనిషి మాట్లాడినట్టే లేదు. ఉన్నట్టుండి ఆగాడు.

"అక్కా, ఇప్పుడు తెలిసొచ్చింది గద వాళ్ళకు. నన్ను మల్ల పిలుస్తరంటవా?"

చూద్దాం అని ఉండొచ్చు. మా ఆఫీసులో అందరూ అనేది అదే. నా వల్ల కాలేదు.

"లేదు తమ్ముడూ. పిలవరు. నీ సీట్లోకి వేరే మనిషి వచ్చేశాడు."

కుక్కర్ మళ్ళీ కూసింది. పాప ఏదో అడుగుతోంది, అతను ఫోన్ పక్కకు పెట్టి ఆమెకు జవాబు చెప్పాడు. మళ్ళీ లైన్లోకి వచ్చాడు.

"సరే. రాస్కుంటున్నవా అక్కా? క్లాక్ లైను మీదది గూడ మార్చాలె. గది మర్చిపోతే మల్ల ఫెయిలే అయితది."

రాసుకుంటున్నాను, చెప్పు అన్నాను.